చిన్న పని, పెద్ద అమానత్

 

గత నెల అందిన ఉత్తరాలలో వనపర్తి జిల్లా నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఆమె మరి ముగ్గురు స్త్రీలతో కలిసి ఒక బడి పిల్లలకు 320 చొక్కాలు కుట్టి ఇచ్చే పని ఒప్పుకున్నారు. 18 రోజులలో ఇస్తామని మాట ఇచ్చారు. రాత్రింబవళ్ళు కష్టపడ్డారు. అయినా బడి తెరిచిన వారం తరువాత గాని చొక్కాలు అందలేదు. ఆలస్యమైందని కూలిలో కొంత తగ్గించి ఇచ్చారు. తగ్గిన సొమ్ము ఎవరి వాటాలో కోయాలన్న దగ్గర మాటలు పెరిగాయి. నిన్నటి వరకు ఒకే పళ్ళెంలో తిన్నవారిలో ఇద్దరు ఇప్పుడు ఒకరి గడప ఒకరు తొక్కడం లేదు.

ఉత్తరం చివర ఆ సోదరి ఇలా అడిగారు: "మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక కంప్యూటర్ కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. పనులు నడిపించడానికి వేరే చదువు, పరీక్షలు, సర్టిఫికెట్లు ఉంటాయట. నేను పదవ తరగతితో ఆగిపోయాను. మాలాంటివాళ్ళు ఇలాంటి పనులు ఒప్పుకోవడమే తప్పా, మౌలానా?"

తప్పు కాదు సోదరీ. మీ తమ్ముడు చదివిన చదువు గౌరవించదగినదే. పెద్ద పనులకు అది అవసరం కూడా. అయితే పెళ్ళి భోజనాలు, ఇంటి మీద ఒక గది, మస్జిదు మరమ్మతు, రమజాను నెల ఇఫ్తారు ఏర్పాట్లు, నాలుగు కుట్టుమిషన్ల మీద నడిచే చిన్న వ్యాపారం వంటి పనులు మన ఇళ్ళలో ఏటా జరిగేవే. ఇవి చెడిపోయేది సర్టిఫికెట్టు లేనందువల్ల కాదు. పని అంతా మనసులోనే ఉంచుకుని, నోటిమాటగా నడిపించి, నమ్మకం ఉంది కదా అని లెక్క వ్రాయనందువల్ల చెడిపోతాయి. ఈ మాట చెప్పే అర్హత నాకు పాండిత్యం వల్ల రాలేదు. నేనే చేసిన ఒక తప్పు వల్ల వచ్చింది. దానిని ముందుగా మీ ముందు ఉంచుతాను.

జేబులో తడిసిన చీటీలు

చాలా సంవత్సరాల క్రితం నేను పాఠాలు చెబుతున్న ఒక మదరసాలో విద్యార్థులకు, నమాజీలకు వుజూఖానా లేదు. 12 కుళాయిలతో ఒక వుజూఖానా కట్టించాలని పెద్దలు నిర్ణయించారు. రమజాను ఇంకా రెండు నెలలు ఉంది. బాధ్యత ఎవరు తీసుకుంటారని అడిగితే నేను చేయి ఎత్తాను. రమజాను చంద్రుడు కనిపించేనాటికి పూర్తి చేస్తామన్నాను. ఇన్షా అల్లాహ్ అని కూడా అన్నాను. ఆ మాట పలికిన తరువాత మన వంతుగా చేయవలసిన ప్రయత్నం ఎంత ఉంటుందో మాత్రం ఆలోచించలేదు.

పనిలో ఏమేమి ఉంటాయో నేను ఒక్కచోట కూడా వ్రాయలేదు. కుళాయిలు, అరుగు, పైకప్పు గుర్తున్నాయి. వాడిన నీరు ఎటు పోవాలన్నది ఎవరికీ గుర్తు రాలేదు. ఒక పెద్దమనిషి తనకు తెలిసిన దుకాణంలో టైల్స్ కొన్నారు. మరొకరు కుళాయిలు తెచ్చారు. రెండు కొలతలు ఒకదానికొకటి సరిపడలేదు. పునాది తవ్వకముందే ఇసుక వచ్చి వీధిలో పడింది. ఎదురింటివారి బండి బయటికి రాలేక వారు వచ్చి బాధపడ్డారు. మేస్త్రీకి మూడుసార్లు అడ్వాన్సు ఇచ్చాను. ఏ పనికి ఎంత ఇచ్చానో ఏ పుస్తకంలోనూ లేదు. దుకాణాల చీటీలు కుర్తా జేబులో పెట్టుకున్నాను. ఒక శుక్రవారం ఆ కుర్తా ఉతుకులోకి వెళ్ళింది. చీటీలు ముద్దగా బయటికి వచ్చాయి.

రమజాను వచ్చేసరికి గోడలు మాత్రమే లేచాయి. ఆ నెలంతా వృద్ధులు బకెట్లు, చెంబులతో వుజూ చేసుకున్నారు. పండుగ తరువాత లెక్క చూస్తే 8,400 రూపాయలు తేలలేదు. నన్ను దొంగ అని ఎవరూ అనలేదు. అయితే చందా ఇచ్చినవారు నన్ను అడగడానికి మొహమాటపడి మా ఖజాంచిని అడగసాగారు. ఆయన నాకు చిన్ననాటి స్నేహితుడు. నా మీద ఆయనకు అనుమానం లేదు. అయినా అడిగినవారికి చూపించడానికి ఆయన చేతిలో ఒక్క కాగితం కూడా నేను పెట్టలేదు. వీధిలో నలుగురు నిలబడిన చోట ఆయన తలవంచుకుని వెళ్ళడం నేను చూశాను. తేలని సొమ్మును జీతంలో నుండి కొద్దికొద్దిగా కట్టి తీర్చాను. ఆయన తలవంచుకున్న రోజులను మాత్రం ఏ సొమ్ముతోనూ తీర్చలేకపోయాను. ఆయన ఇప్పుడు ఈ లోకంలో లేరు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక!

గుంతలో వదిలిన దిమ్మె

ఆ వుజూఖానాకు మురుగు కాలువ తవ్వడానికి తరువాత ఒక వృద్ధుడు వచ్చాడు. నాగర్‌కర్నూలు వైపు పల్లె ఆయనది. వయసులో ఉన్నప్పుడు మట్టిపనికి దేశమంతా తిరిగాడు. మా లెక్కల గొడవ విని నవ్వి, తమ కాలంలో మట్టిని ఎలా కొలిచేవారో చెప్పాడు. గుంత తవ్వేటప్పుడు నడుమ కొంత మట్టిని ముట్టకుండా దిమ్మెలాగా వదిలిపెడతారు. చుట్టూ ఎంత లోతు తవ్వారో ఆ దిమ్మె ఎత్తును బట్టి తెలుస్తుంది. కొలత పూర్తయ్యే వరకు ఎవరూ దానిని ముట్టుకోరు.

"కొలిచేటోని మీద నమ్మకం లేక కాదు సాబూ. పొద్దుమీకేసరికి ఎంత లోతు తవ్వినమో మాకే యాదికుండదు. గుంత నిండ మనుషులుంటరు, ఎవరి మాట ఇనాలె? దిమ్మె ఉంటే తగాద ఉండదు" అన్నాడు.

ఈ మాటలో ఉన్న వివేకం నేను మదరసాలో చదివిన పాఠంలోనే ఉంది. చదివాను గాని నా కుర్తా జేబు దాకా దానిని తీసుకురాలేదు. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. అది నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు, గడువు పెట్టుకున్న అప్పును వ్రాసుకోవడం గురించి. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని, బాధ్యత ఎవరి మీద ఉందో అతడే చెప్పి వ్రాయించాలని, చెప్పలేని స్థితిలో ఉంటే అతని సంరక్షకుడు చెప్పాలని, సాక్షులు ఉండాలని అందులో ఉంది. మొత్తం చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందవద్దని కూడా ఉంది. అది సందేహాలకు తావు లేకుండా చేస్తుందన్న కారణం కూడా అక్కడే తెలుపబడింది. ధర్మవేత్తలలో అధికులు ఈ వ్రాతను తప్పనిసరి విధిగా కాక ఎంతో మెచ్చదగిన పనిగా పరిగణించారు. అయినా ఇంత వివరంగా చెప్పబడిన విషయాన్ని మనం ఎంత తేలికగా తీసుకుంటున్నామో చూడండి. "మన మధ్య కాగితాలెందుకు?" అని అంటాము. కాగితం మధ్యకు వచ్చేది స్నేహాన్ని కాపాడడానికే.

ఆ వృద్ధునివంటి వారిని దేశమంతటా పాలమూరు కూలీలు అని పిలిచేవారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న వేరు జిల్లాలు కాకముందు ఈ ప్రాంతమంతా మహబూబ్‌నగర్ జిల్లాయే. దాని పాత పేరు పాలమూరు. 1955లో పునాదిరాయి పడిన నాగార్జునసాగర్ వంటి ఆనకట్టలలోను, దేశంలోని ఎన్నో కాలువలలోను వీరి చెమట ఉంది. ఒక్కొక్క గుంపుకు ఒక మేస్త్రీ ఉండేవాడు. మనుషులను కూడగట్టడం, ఊరు దాటించడం, గుడిసెలు వేయించడం, తిండిగింజలు తెప్పించడం, ఎవరు తవ్వాలో ఎవరు మోయాలో నిర్ణయించడం అన్నీ అతని చేతి మీదుగానే జరిగేవి. ఆ మేస్త్రీలలో అక్షరం రానివారు ఎందరో. పని నడిపించడం చదువుకున్నవారికే వస్తుందనుకునేవారు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి.

అయితే ఆ చరిత్రకు మరొక ముఖం ఉంది, దానిని దాచడం న్యాయం కాదు. మట్టిని కొలవడానికి దిమ్మె ఉండేది, కూలీ కష్టాన్ని కొలవడానికి ఏమీ ఉండేది కాదు. ఇంటి వద్ద తీసుకున్న అడ్వాన్సు ఎంత, అందులో తీరినది ఎంత, తిండికి కోసుకున్నది ఎంత అన్న లెక్క మేస్త్రీ వద్ద, అతని పైనున్న కాంట్రాక్టరు వద్ద మాత్రమే ఉండేది. నెలల తరబడి పనిచేసినా అప్పు తీరలేదన్న మాట విని ఇల్లు చేరినవారు ఉన్నారు. 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రతి కార్మికునికి ఫొటో అతికించిన పాస్‌బుక్కు ఇవ్వాలన్నది. కూలి రేటు ఎంత, చెల్లించే విధానం ఏమిటి, కోతలు ఎంత అన్నవి అందులో ఉండాలని చెప్పింది. లెక్క కష్టపడినవాని చేతిలో కూడా ఉండాలన్నదే దాని ఉద్దేశం.

మన చిన్న పనులలోనూ ఇదే గీటురాయి. లెక్కపుస్తకం ఒకరి బీరువాలో ఉంటే చాలదు. అందులో ఎవరి పేరు ఉందో వారందరికీ అది తెలియాలి. చదవలేనివారు ఉంటే వారికి చదివి వినిపించాలి. చెమట ఆరకముందే కూలీకి కూలి ఇవ్వమన్న దైవప్రవక్త (స) ఆదేశం ఇబ్నుమాజా హదీసు గ్రంథంలో ఉంది. ఎంత ఇవ్వాలో ముందే తేలి ఉన్నప్పుడే ఆ ఆదేశాన్ని పాటించడం సాధ్యమవుతుంది.

మగ్గం నేర్పే వరుస

ఇక సోదరి చొక్కాల విషయానికి వస్తాను. అక్కడ లోపం కష్టంలో లేదు, పనుల వరుసలో ఉంది. వరుస అంటే ఏమిటో తెలుసుకోవాలంటే గద్వాలలో ఒక నేత ఇంటికి వెళ్ళాలి.

గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు, కొంగు పట్టు. నూలు, పట్టు కలిసే చోట రెండు రకాల పేక పోగులను నేసేటప్పుడే ఒకదానితో ఒకటి పెనవేస్తారు. అందుకే తరచు మగ్గం వద్ద ఇద్దరు మనుషులు కూర్చోవలసి వస్తుంది. మగ్గం ఎక్కకముందే నూలుకు, పట్టుకు రంగులు అద్దాలి, ఆరాలి, పడుగు చేయాలి, కండెలు చుట్టాలి. వీటిలో ఎన్నో పనులు ఇంటి స్త్రీలు, వృద్ధులు చేస్తారు. ఒక్క రంగు పట్టు అందకపోతే మిగిలినవన్నీ సిద్ధంగా ఉన్నా మగ్గం ఆగిపోతుంది. కనుక నూలు, నమూనా ఇచ్చి నాలుగైదు ఇళ్ళలో నేయించే పెద్ద నేతగానికి అన్నిటికంటే ముందుగా తెలియవలసినది ఒకటి ఉంది. ఏ పని ముగియకపోతే ఏ పని మొదలు కాదు? ఏ పనులు ఒకదాని పక్కన ఒకటి నడవగలవు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిసినవాడే చెప్పిన రోజుకు చీర ఇవ్వగలడు.

ఆ ఊరి నేతన్నలకు కదలని తేదీ అంటే ఏమిటో కూడా బాగా తెలుసు. మన హిందూ సోదరుల తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు గద్వాల నుండి జోడు పంచెలు నేసి పంపడం సంస్థానాల కాలం నుండి వస్తున్న ఆనవాయితీ. 41 రోజుల నియమంతో వాటిని నేస్తారు. ఉత్సవం నేతగాని కోసం ఆగదు. మన రమజాను చంద్రుడు కూడా నా వుజూఖానా కోసం ఆగలేదు. కదలని తేదీ ఉన్నప్పుడు ఆ తేదీ నుండి వెనక్కి లెక్కవేసుకుంటూ రావాలి. ఈ రోజు నుండి ముందుకు లెక్కవేస్తే ప్రతి పనికీ ఇంకా సమయం ఉన్నట్లే కనిపిస్తుంది.

320 చొక్కాల లెక్క

సోదరి తన ఉత్తరంలో ఇచ్చిన వివరాలతోనే లెక్క చూద్దాం. ఒక్కొక్కరు రోజుకు 6 చొక్కాలు కుట్టగలరు. నలుగురికి 24. అంటే 320 చొక్కాలకు 14 రోజులు. ఆమె దీనికి నాలుగు రోజులు కలిపి 18 అని చెప్పారు. కత్తిరింపుకు 2 రోజులు పడుతుందన్నది గుర్తుంది. కాజాల సంగతి తేలికగా తీసుకున్నారు. పట్టణంలో కాజా మిషన్ ఉన్నది ఒక్క దుకాణంలోనే. అతడు తన మిగతా పనుల మధ్య రోజుకు 60 చొక్కాలకు మించి చేయలేడు. చొక్కాలన్నీ కుట్టిన తరువాత ఒక్కసారే అతని వద్దకు తీసుకువెళ్ళారు. అక్కడ 6 రోజులు పోయాయి. ఆ 6 రోజులూ నాలుగు మిషన్లు ఖాళీగా ఉన్నాయి. తరువాత గుండీలకు, ఇస్త్రీకి 3 రోజులు పట్టింది. కలిపితే 25. వారం ఆలస్యం ఎక్కడ పుట్టిందో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తున్నది.

ఇదే పనిని మగ్గం వరుసలో చూడండి. 2 రోజులు కత్తిరింపు. తరువాత కుట్టడం మొదలైన ప్రతి రెండు రోజులకు 48 చొక్కాలు తయారవుతాయి. వాటిని ఆ సాయంత్రమే కాజాల దుకాణానికి పంపాలి. మిగిలినవి కుడుతూ ఉండగానే అవి తిరిగి వస్తాయి. గుండీలకు, ఇస్త్రీకి ఒక మనిషిని వేరుగా పెట్టుకోవాలి. ఇంట్లో అత్తగారో, సెలవులలో ఉన్న పెద్దమ్మాయో అయినా సరే, ఆ శ్రమకు కూడా కూలి కట్టాలి. 16వ రోజుకు కుట్టడం ముగుస్తుంది. చివర మిగిలేది 32 చొక్కాలే. వాటికి కాజాలు 17వ రోజు, గుండీలు, ఇస్త్రీ 18వ రోజు. అవే నాలుగు మిషన్లు. కాజాలకు, గుండీలకు, ఇస్త్రీకి వేరుగా పోయిన రోజులు మిగిలాయి.

అయినా ఆ బడివారికి 18 అని చెప్పకూడదు. కరెంటు పోతుంది, పిల్లవాడికి జ్వరం వస్తుంది, దగ్గరి బంధువుల ఇంట పెళ్ళి వస్తుంది. లెక్కకు 18 వస్తే 22 అని మాట ఇవ్వండి. 20వ రోజున ఇస్తే సంతోషిస్తారు. 18 అని చెప్పి 20వ రోజున ఇస్తే మాట తప్పినవారవుతారు. రెండింటిలోనూ చొక్కాలు అందినది ఒకే రోజున. తేడా మాటలోనే ఉంది, మాట కూడా అమానతే.

రాయి అడ్డుపడినప్పుడు

ఎంత జాగ్రత్తగా లెక్కవేసినా అనుకోని ఆటంకం వస్తుంది. అప్పుడు ఏమి చేయాలన్నది ముందే నిర్ణయించుకోవాలి. హిజ్రీ 5వ సంవత్సరంలో శత్రుసేనలు మదీనా మీదికి వస్తున్నప్పుడు హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) సలహా మీద కందకం తవ్వారు. ప్రతి పదిమందికి 40 మూరల చొప్పున భాగం పంచబడిందని చరిత్ర గ్రంథాలు తెలుపుతున్నాయి. అందరూ కలిసి తవ్వండి అని వదిలివేయలేదు. ఈ భాగం ఈ పదిమందిది అని తేల్చారు. దైవప్రవక్త (స) స్వయంగా మట్టి మోశారు.

ఆ తవ్వకంలో ఒకచోట గట్టి రాయి అడ్డుపడింది. గునపాలకు లొంగలేదు. అక్కడ తవ్వుతున్న సహాబాలు ఏమి చేశారు? దానిని దాచలేదు. చుట్టూ తిరిగి మరొక చోట తవ్వి సర్దుకోలేదు. వెంటనే దైవప్రవక్త (స) వద్దకు వెళ్ళి చెప్పారు. ఆకలితో కడుపునకు రాయి కట్టుకుని ఉన్న ఆ మహనీయులు తామే లేచి వచ్చి ఆ రాతిని పగులగొట్టారు. ఈ వృత్తాంతం హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా బుఖారీలో ఉన్నది.

మనం చేసేది దీనికి విరుద్ధం. రాయి తగిలిన రోజున చెప్పము. గడువు ముగిసిన రోజున చెబుతాము. కాజాల దుకాణం ఆలస్యం చేస్తున్నదని 17వ రోజుననే బడివారికి తెలియజేసి, పూర్తయినవి ముందుగా ఇస్తాము, చిన్న తరగతుల పిల్లలకు పంచండి అని అడిగి ఉంటే కూలి కోత తప్పేదేమో. చెప్పడానికి సిగ్గుపడి మౌనంగా ఉండిపోయారు. నాయకత్వం వహించేవారి మీద కూడా ఒక బాధ్యత ఉంది. చెడు కబురు తెచ్చినవారి మీద కోప్పడితే మరునాటి నుండి ఎవరూ ఏ కబురూ తీసుకురారు.

పని ముగిసిన తరువాత

చివరగా వనపర్తి చెరువుల సంగతి. ఆ సంస్థానం పాలకులు తవ్వించిన సప్త సముద్రాల పేరు ఆ జిల్లాలో వినని వారుండరు. శ్రీరంగాపురం వద్ద ఉన్న రంగసముద్రం వాటిలో ఒకటి. చెరువు కట్టడంతో పని ముగిసిపోదు. కట్ట మీద మొలిచిన చెట్లు వేళ్ళు దించకముందే తీయాలి, తూము చూడాలి, అలుగు పొర్లే దారి శుభ్రంగా ఉంచాలి, ఏ పొలానికి ఎప్పుడు నీరు వదలాలో గుర్తుంచుకోవాలి. వెనుకటి కాలంలో దీనికి ఊరిలో నీరటి ఉండేవాడు. ఊరంతటికీ చెందిన చెరువు బాధ్యత ఒక మనిషి పేరు మీద ఉండేది. అతనికి పంటలో వాటా ఇచ్చేవారు. ఆ ఏర్పాటు సడలిన చోట్ల చెరువులలో పూడిక పేరుకుపోయింది. ఆ పూడిక తీయించడానికి 2015లో మిషన్ కాకతీయ పేరుతో రాష్ట్రమంతటా పని మొదలుపెట్టవలసి వచ్చింది.

అందరి పని అంటే ఎవరి పనీ కాకుండా పోతుంది. మా వుజూఖానా ఆలస్యంగానైనా పూర్తయింది. ఏడాది తిరగకముందే మూడు కుళాయిలు కారసాగాయి. ఎవరు బాగు చేయించాలో వ్రాసి లేదు. ఒక్కొక్క కుళాయికి గుడ్డపేలిక కట్టి నెలల తరబడి వాడుకున్నాము. పని అప్పగించే రోజుననే, ఇకమీదట దీనిని చూసుకునేది ఎవరు, ఖర్చు ఎక్కడి నుండి వస్తుంది అన్న రెండు వాక్యాలు వ్రాసుకుంటే ఆ దుస్థితి ఉండేది కాదు.

ఒక్క నోటుపుస్తకం చాలు

ఇప్పుడు మా ఇంట్లో గాని, మదరసాలో గాని ఏ పని మొదలైనా నేను ఒక 100 పేజీల నోటుపుస్తకం కొంటాను. మొదటి పేజీలో ఈ పని ఎప్పుడు పూర్తయినట్లు అన్నది ఒక వాక్యంలో వ్రాస్తాను. వుజూఖానా కట్టాలి అని కాదు, 12 కుళాయిలలో నీరు వచ్చి, వాడిన నీరు నిలవకుండా బయటికి పోవాలి అని. దాని కింద ఈ పనిలో లేనివి కూడా వ్రాస్తాను. రెండవ పేజీలో పనుల వరుస, ఒక్కొక్క పని ఎదుట ఒక్క మనిషి పేరు, ఒక తేదీ. ఇద్దరి పేర్లు ఉంటే ఇద్దరూ రెండవవారు చూస్తారనుకుంటారు. కొనుగోలు ఎవరు చేసినా అనుమతి ఒక్కరిదే. మూడవ పేజీ నుండి డబ్బు లెక్క. చీటీలు జేబులో కాదు, ఆ పేజీకే జిగురుతో అతికిస్తాను. నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలో, లాభం వస్తే ఎలా పంచుకోవాలో మొదటి రోజుననే, అందరి ముఖాలలో నవ్వు ఉన్నప్పుడే వ్రాసుకుంటాము. ప్రతి గురువారం ఇషా నమాజు తరువాత పావుగంట కూర్చుని పుస్తకం అందరికీ వినిపిస్తాము. ఏమి జరిగింది, ఏది ఆగింది, వచ్చే వారం ఏది జరగాలి. ఇంతకు మించి చర్చ లేదు. ఇవి పెద్ద చదువులలో పెద్ద పేర్లతో ఉంటాయని మీ తమ్ముడు చెప్పవచ్చు. పేర్లు తెలియకపోయినా పని ఆగదు.

సోదరీ! మీ చొక్కాల పని ముగిసిపోయింది. మిగిలి ఉన్నది నలుగురి మధ్య వచ్చిన పగులు. పైన చెప్పిన లెక్క చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆలస్యం ఏ ఒక్కరి సోమరితనం వల్ల రాలేదు. నలుగురూ చెప్పినంత కుట్టారు. వరుస తప్పింది, ఆ వరుస నిర్ణయించినవారు మీరు. కనుక తగ్గిన కూలిని నలుగురూ సమానంగా భరించడం న్యాయం అని నాకు తోస్తున్నది. మీరు మాట ఇచ్చినవారు కనుక మీ వాటా కొంచెం ఎక్కువైనా సరే అని ముందుగా అంటే అది మేలు. ఈ ఉత్తరం పత్రికలో చదివిన రోజుననే ఒక కాగితం మీద ఆ లెక్క వ్రాసుకుని, మాట్లాడడం మానివేసిన ఆ ఇద్దరి ఇళ్ళకూ మీరే వెళ్ళండి. వారు పిలిచేదాకా ఆగకండి. నా ఖజాంచి స్నేహితుని ఇంటికి నేను కాగితం పట్టుకుని వెళ్ళిన రోజున ఆ ఇంటి ముందు జనాజా సిద్ధంగా ఉంది.

అల్లాహ్ మన చేతి పనులలో బర్కత్‌ను, మన లెక్కలలో నిజాయితీని, మన మనసులలో ఒకరిపట్ల ఒకరికి ప్రేమను ప్రసాదించుగాక! ఆమీన్.